మీ అమ్మమ్మ గారు సమీక్షలో లేరు

ముక్తేశ్వరం

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ కవరు మొన్న మధ్యాహ్నం అందింది. లోపల రెండు కాగితాలున్నాయి. ఒకటి ఆ దొంగల ప్రేమకథ మీద నువ్వు రాసిన సమీక్ష, శుభ్రంగా టైపు చేసింది. రెండోది దానికి గుచ్చిన ఉత్తరం, చేత్తో రాసింది. "మాస్టారండీ, తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి" అన్నావు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. సమీక్ష కన్నా ఉత్తరం బాగుంది.

ఉత్తరంలో ఏం రాశావో నీకు గుర్తుందో లేదో. రామచంద్రపురంలో మ్యాట్నీకి మీ అమ్మమ్మ గారిని తీసుకెళ్లావు. ఆవిడ సినిమా హాలు గడప తొక్కి పదిహేనేళ్లయింది. ఇంటర్వెల్ దాకా మోకాళ్లు లాగుతున్నాయని సణుగుతూనే ఉన్నారు. ఆఖర్న ఆ ఇద్దరూ లాకుల దగ్గర పోలీసులకు చిక్కినప్పుడు మాత్రం నీ చెయ్యి పట్టుకున్నారు, గాజులు గుచ్చుకునేంత గట్టిగా. ఇదంతా నాలుగు ముక్కల్లో రాసేసి, కింద "సమీక్ష జతచేశాను" అన్నావు. ఆ సమీక్షలో అమ్మమ్మ గారు లేరు, గాజులు లేవు, నువ్వూ లేవు. "దర్శకుడు హింసను గ్లోరిఫై చేశాడు" ఉంది. "స్క్రీన్‌ప్లే గ్రిప్పింగ్‌గా లేదు" ఉంది. "యువత పెడదోవ పట్టే ప్రమాదముంది" ఉంది. చివర అయిదుకి రెండున్నర.

ఆ రెండున్నర సంగతి వదిలెయ్. పత్రికవాళ్లు అడుగుతారు, ఇస్తావు. మిగతాదే మాట్లాడుకోవాలి. ఎందుకంటే, ప్రేమించే దొంగను తెర మీద చూడగానే సమీక్షకుడి కలం తడబడటం నీతో మొదలవలేదు. మహామహులు తడబడ్డారు. వాళ్లలో ఒకాయన తన తడబాటును తానే అచ్చులో దిద్దుకున్నాడు. ఆ కథ నీకు చెప్పాలనే ఇంత పొడుగు ఉత్తరం.

1967 ఆగస్టులో అమెరికాలో "బోనీ అండ్ క్లైడ్" విడుదలైంది. దర్శకుడు ఆర్థర్ పెన్. వారెన్ బీటీ తనే నిర్మించి క్లైడ్‌గా వేశాడు, బోనీగా ఫే డనవే. ఇద్దరూ నిజంగా బతికిన మనుషులే. ఆర్థిక మాంద్యం రోజుల్లో టెక్సాస్ చుట్టుపక్కల దోపిడీలు చేసి, పన్నెండు మందికి పైగా ప్రాణాలు తీసిన ముఠా వాళ్లది. 1934 మే 23న లూసియానాలో ఒక రోడ్డు మీద పోలీసులు కాపు కాసి ఇద్దర్నీ కాల్చి చంపారు. ఈ కథను పెన్ విషాదంగా తీశాడా, హాస్యంగా తీశాడా అంటే చప్పున చెప్పలేం. కారు పరిగెడుతుంటే వెనక బాంజో హుషారుగా మోగుతుంది. ఆ హుషారులోనే తుపాకి పేలుతుంది.

న్యూయార్క్ టైమ్స్‌కి అప్పుడు బాస్లీ క్రౌథర్ సినిమా విమర్శకుడు. 1940 నుంచీ ఆయనే. ఈ సినిమా ఆయనకు ఒళ్లు మండించింది. ముందు మాంట్రియల్ ఫెస్టివల్ నుంచి రాసి పంపిన రిపోర్టులో ఒకసారి, విడుదలయ్యాక సమీక్షలో ఒకసారి, అదీ చాలక ఆదివారం వ్యాసంలో మరోసారి తిట్టాడు. హంతకులను ముద్దొచ్చే పిల్లల్లా చూపించారన్నది ఆయన బాధ. ఆయన్ని చేతగానివాడనుకోకు. ఇటలీ నుంచి వచ్చిన మంచి సినిమాలను అమెరికా ప్రేక్షకులకు దగ్గర చేసినవాడు, సెన్సారు కత్తెరను ఎదిరించి రాసినవాడు. పైగా ఆయన మాటలో నిజం లేకపోలేదు. ఆ ముఠా ఎక్కువగా దోచింది బ్యాంకులను కాదు, చిన్న చిన్న కొట్లనూ పెట్రోలు బంకులనూ. వాళ్లను వెంటాడిన ఫ్రాంక్ హేమర్ అనే అధికారిని సినిమాలో వాళ్లు పట్టుకుని, ఫొటో తీసి, నవ్వులపాలు చేస్తారు. అలాంటిదేమీ జరగలేదు. ఆయన కుటుంబం కోర్టుకెక్కింది, చివరికి రాజీ అయింది. నీ సమీక్షలో ఉన్న కోపం కూడా ఈ జాతిదే. ఆ కోపాన్ని నేను తీసెయ్యమనడం లేదు. క్రౌథర్ కోపం న్యాయమైనదే, కానీ ఆ కోపం ఆయన్ని తెర వైపు చూడనివ్వలేదు. చరిత్రలో క్లైడ్ ఎవరన్నదే ఆయన చూశాడు. సినిమా హాల్లో కూర్చున్నవాడికి ఏం జరుగుతోందన్నది చూడలేదు.

అది చూసిన మనిషి పాలిన్ కేల్ అనే విమర్శకురాలు. అప్పటికి ఆవిడకు నికరమైన పత్రిక కూడా లేదు. ఈ సినిమా మీద పెద్ద వ్యాసం రాస్తే న్యూ రిపబ్లిక్ వేసుకోనంది. న్యూయార్కర్ 1967 అక్టోబరు 21 సంచికలో వేసింది. ఆవిడ పట్టుకున్న చోటు ఏదో విను. ముఠాలో ఒక కుర్రాడున్నాడు, కారు నడిపేవాడు. మిగతావాళ్లు లోపల బ్యాంకు దోచుకుంటుంటే, వీడు బుద్ధిగా కారును రెండు బళ్ల మధ్య సందులో పార్కు చేస్తాడు. వాళ్లు డబ్బు సంచులతో పరిగెత్తుకొచ్చేసరికి కారు బయటికి రాదు. ముందు బండికి తగిలి, వెనక బండికి తగిలి, అవస్థ. హాలంతా నవ్వుతుంది. ఆ నవ్వు ఆగకముందే బ్యాంకు ఉద్యోగి ఒకాయన పరిగెత్తుకొచ్చి కారు పక్కన వేలాడతాడు. క్లైడ్ కంగారులో అద్దంలోంచి ఆయన మొహం మీద కాలుస్తాడు. నెత్తురు. నవ్విన నోరు నవ్వినట్టే ఉండిపోతుంది. నువ్వు ఎవరితో కలిసి నవ్వావో అప్పుడు నీకు తెలుస్తుంది. చావుకు బాధ లేకుండా చేసిన సినిమాలు ఎన్నో ఉండగా, ఇది చావుకు బాధను తిరిగి తెచ్చిందని కేల్ వాదన. ఆవిడ సినిమాను వెనకేసుకొచ్చిందని అందరూ చెబుతారు. నాకు మాత్రం ఆవిడ చేసిన అసలు పని వేరే కనిపిస్తుంది. నవ్వు ఏ చోట గొంతులో ఇరుక్కుందో ఆ చోటు మీద వేలు పెట్టింది. మరుసటి ఏడాదే న్యూయార్కర్ ఆవిడను పనిలోకి తీసుకుంది.

ఇక నేను చెబుతానన్న మనిషి. న్యూస్‌వీక్‌లో జో మోర్గన్‌స్టెర్న్. మొదటి వారం సినిమాను చీల్చి చెండాడాడు, మట్టిబుర్రల కోసం తీసిన తుపాకుల సినిమా అన్నంత పని చేశాడు. తరవాత భార్యను తీసుకుని మళ్లీ వెళ్లాడు, ఈసారి మామూలు జనంతో కిక్కిరిసిన హాలుకి. జనం ఊగిపోవడం చూశాడు, తను మొదటిసారి ఎక్కడ కళ్లు మూసుకున్నాడో తెలిసింది. మరుసటి వారం అదే పత్రికలో, అదే సినిమా మీద, మళ్లీ రాశాడు. నా పాత సమీక్ష అన్యాయం, అందులో పొరపాట్లున్నాయి, చింతిస్తున్నాను అని ఒప్పుకున్నాడు. ఒక్క వారం తేడాలో. టైమ్ పత్రిక కూడా మొదట కొట్టిపారేసి, డిసెంబరు 8 సంచికకు ఇదే సినిమాను అట్ట మీదికెక్కించింది. కానీ పత్రిక మనసు మార్చుకోవడం వేరు, ఒక మనిషి తన పేరు కింద తన తప్పు రాసుకోవడం వేరు. ఆ ఏడాదే షికాగోలో రోజర్ ఈబర్ట్ అనే పాతికేళ్ల కుర్రాడు, ఉద్యోగంలో చేరి ఆరు నెలలైనా నిండకుండానే, ఇది అమెరికన్ సినిమాలో ఒక మైలురాయి అని రాశాడు. వయసు చాలదేమోనని నువ్వు ఉత్తరం కింద బెంగపడ్డావు గనక ఆ సంగతి చెప్పాను. 1968 మొదట్లో క్రౌథర్ స్థానంలో వేరొకరు వచ్చారు. సినిమాకి పది ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, రెండు గెలిచింది.

నేను ఆ సినిమాను చాలా ఆలస్యంగా, డీవీడీలో చూశాను. 2011 ఖరీఫ్ అది. గిట్టుబాటు ధర రాక, మురుగు కాలవలు పూడిపోయి చేలు మునిగి, కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించిన ఏడాది. చేలో పని లేదు. మా వీధి చివర కౌలు రైతు ఒకాయన సాయంత్రాలు మా అరుగు మీదికొచ్చి కూర్చునేవాడు. ఆ రోజు నేను ఈ సినిమా పెట్టుకుంటే లోపలికొచ్చి గుమ్మానికి జారబడ్డాడు. ఇంగ్లీషు ముక్క రాదు. మొదట్లోనే ఒక సీనుంటుంది. పాడుబడ్డ ఇంట్లో బోనీ, క్లైడ్ తలదాచుకుంటారు. పొద్దున్నే ఒక రైతు, పెళ్లాం పిల్లలతో సామానేసుకున్న బండిలో వచ్చి ఆగుతాడు. ఇల్లు ఆయనదే. బ్యాంకు తీసేసుకుంది, ముందర బోర్డు పాతింది. కడసారి చూసుకుని పోదామని వచ్చాడు. క్లైడ్ ఆ బోర్డును కాలుస్తాడు, తరవాత తుపాకిని రైతు చేతికిస్తాడు. రైతూ కాలుస్తాడు, తనతో పొలం చేసిన నల్లజాతి మనిషిని పిలిచి అతనిచేతా కాల్పిస్తాడు. ఆ కిటికీ అద్దాలు పగులుతుంటే మా రైతు లేచి నిలబడ్డాడు. "ఏం రాసుందండి బోర్డు మీద?" అన్నాడు. చెప్పాను. "మనకి బోర్డు పాతలేదండి, నోటీసొచ్చింది" అన్నాడు. "ఆ ముక్క మళ్లీ ఎయ్యండి." మళ్లీ వేశాను.

ఆ సీను చివర క్లైడ్ రైతుతో, మేం బ్యాంకులు దోచేవాళ్లం అంటాడు, గర్వంగా. అప్పటికి అతను ఒక్క బ్యాంకూ దోచలేదు! ఆ తరవాత దోచడానికి వెళ్లిన మొదటి బ్యాంకు మూడు వారాల కిందటే దివాలా తీసి, గల్లా పెట్టెలో చిల్లిగవ్వ ఉండదు. అంటే ఆ మాట రైతు మొహం చూసి పుట్టింది. తనకో కారణం దొరికిందని ఆ క్షణంలో అనుకున్నాడు. నేను ఒంటరిగా చూసుంటే ఇది పట్టుకోగలిగేవాణ్ణా? అనుమానమే. మా రైతు లేచి నిలబడటం వల్ల నేను ఆ సీను రెండోసారి చూశాను, అప్పుడు పట్టుకున్నాను.

చివరి సీను వచ్చింది. ఎండ, పచ్చని చెట్లు, ఖాళీ రోడ్డు. ముఠా కుర్రాడి తండ్రి తన బండి టైరు పంక్చరైనట్టు నటిస్తూ రోడ్డు పక్కన నిలబడతాడు. క్లైడ్ కారాపి దిగుతాడు. నేను ఆ తండ్రి మొహమే చూస్తున్నాను. ఉన్నట్టుండి పొదల్లోంచి పిట్టలు గుంపుగా లేచాయి. మా రైతు గుమ్మం దగ్గర్నుంచి, "పిట్టలు లేచాయండి. ఎవడో ఉన్నాడు" అన్నాడు. అన్నాక ఒక్క ఊపిరి తీసేంత వ్యవధి. వాళ్లిద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకుంటారు. తుపాకులు. నాలుగు కెమేరాలు నాలుగు వేగాల్లో తిప్పి తీసినదాన్ని ముక్కలు ముక్కలుగా కూర్చారు, గుళ్లు తగిలి కదిలే ఆ రెండు ఒళ్లూ చావులోనే నెమ్మదిగా ఆడుతున్నట్టుంటాయి. ఆయన తువ్వాలు భుజం మీంచి తీసి మడిచి, మళ్లీ విప్పి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.

ఆ పిట్టల గురించి చాలామంది రాశారు. మరణ సూచన అన్నారు, ప్రకృతి సాక్ష్యం అన్నారు. గింజ పట్టే వేళ చేల గట్టు మీద డబ్బా వాయిస్తూ పిట్టల్ని తోలిన మనిషికి అది సూచనా కాదు, కవిత్వమూ కాదు. పొదలో మనిషున్నాడన్న కబురు. ఆ సినిమా మీద నేను చదివిన విమర్శలో నాకు అన్నిటికన్నా దగ్గరగా అనిపించిన మాట, రాయడం రాని ఆయన నోట్లోంచి వచ్చింది. నీ చేతిలో కలముంది, ఆ హాల్లో నీ పక్కన అలాంటి మనిషీ ఉన్నారు. అందుకే నీ మీద నాకు బెంగ.

నా సంగతీ చెప్పాలి, లేకపోతే నీకు పాఠం చెప్పే అర్హత నాకుండదు. ముప్పై దాటిన కొత్తలో ఒక వారపత్రికకు సమీక్షలు రాసేవాణ్ణి. ఒక బందిపోటు సినిమా వచ్చింది. పేరొద్దులే. అందులో దొంగ కాలవగట్టు మీద ఆమె పాదం ఒళ్లో పెట్టుకుని ముల్లు తీస్తాడు, పాట లేదు, మాట లేదు, నీళ్ల చప్పుడు తప్ప. "అనవసరమైన సాగతీత" అని రాశాను. దొంగకు దండ వేసిన సినిమా అని కూడా రాశాను. కొన్ని నెలలకి పంటు మీద గోదారి దాటి కోటిపల్లి వైపు పనికెళ్లి, రాత్రి అక్కడే ఉండిపోవాల్సొచ్చింది. డేరా హాల్లో అదే సినిమా ఆడుతోంది. కుర్చీలు నిండిపోయాయి, నేల టిక్కెట్టుకి కూర్చున్నాను. ముందు వరసలో కొబ్బరి పీచు పని చేసుకునే ఆడవాళ్లు. ముల్లు సీను రాగానే అందరూ మాటలాపేశారు. ఒకావిడ పక్కావిడతో మెల్లిగా, "మన కాలు ఎవరైనా అలా ఒళ్లో ఎట్టుకున్నారటే?" అంది. పక్కావిడ జవాబు చెప్పలేదు, కాళ్లు చీర కుచ్చెళ్ల కిందికి లాక్కుంది.

నేను సాగతీత అన్న చోట వాళ్ల జీవితంలో లేనిదేదో జరుగుతోంది. ఇంటికొచ్చి రాత్రికి రాత్రి దిద్దుబాటు రాశాను. ఎడిటరు గారు, పాత సినిమా కదండీ, ఇప్పుడెందుకు అన్నారు. నేను రెండోసారి అడగలేదు. అడిగి ఉండాల్సింది. ఆయన ఒప్పుకునేదాకా పదిసార్లయినా అడిగి ఉండాల్సింది. మోర్గన్‌స్టెర్న్ వారంలో చేసిన పని నేను నలభై ఏళ్లయినా చెయ్యలేదు, ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. ఆ ముందు వరసలోవాళ్లు ఆ పత్రిక చదివేవాళ్లు కారు, నిజమే. అయినా వాళ్ల గురించి నేను అచ్చులో అబద్ధమాడాను.

ఇప్పుడు నీ సమీక్షలోకి వస్తాను. మూడో పేరాలో "మన అల్లూరిలా వీళ్లూ వ్యవస్థ మీద తిరగబడ్డారు" అని రాసి, అది చూపించడంలో దర్శకుడు విఫలమయ్యాడన్నావు. ఈ వాక్యం కొట్టెయ్. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషను మీద పడి తుపాకులు పట్టుకెళ్లినప్పుడు ఆయన వెనక మన్యం ఉంది, పోడు కొట్టుకోనివ్వని అటవీ చట్టం ఉంది, కూలి సరిగ్గా ఇవ్వకుండా చేయించుకున్న రోడ్డు పని ఉంది. నీ సినిమాలో ఇద్దరూ ఒక బంగారం కొట్టు దోచి పారిపోయారు. సర్కారు రెండు చోట్లా "దొంగ" అనే రాస్తుంది, నిజమే. మనం అలా రాయకూడదు. ఆ ఇద్దరికీ కారణం లేదు, ఒకళ్లకొకళ్లు ఉన్నారు, అంతే. అదే ఆ సినిమా బలమో, బలహీనతో తేల్చు. వాళ్లు మోయలేని బరువును వాళ్ల నెత్తిన పెట్టి, మోయలేదని తిట్టకు.

"హింస శృతి మించింది" అన్నావు. ఏది? ఎక్కడ? కొట్టు కాపలాదారు తల పగలడమా, లాకుల దగ్గర కాల్పులా? ఒకటి మూడు సెకన్లు, ఇంకొకటి మూడు నిమిషాలు. మూడు సెకన్ల దానికి హాల్లో ఈలలు పడ్డాయని నువ్వే ఉత్తరంలో రాశావు. అయితే సమీక్షలో రాయాల్సింది అదే: "కాపలాదారు పడ్డప్పుడు మా హాల్లో ఈలలేశారు. అతనికి పేరు లేదు, ఇల్లు లేదు, అందుకని ఈల వెయ్యడం సులువైంది." చూడు, ఇప్పుడు నీ కోపానికి కాళ్లొచ్చాయి. గ్లోరిఫై అనే మాట అవసరం లేకుండానే దర్శకుణ్ణి బోనెక్కించావు. పెన్ తన సినిమాలో చేసింది దీనికి సరిగ్గా ఎదురు పని, కారుకు వేలాడిన మనిషి మొహాన్ని మనం తప్పించుకోలేకుండా చూపించాడు. తరవాత క్లైడ్ ఒక సినిమా హాల్లో కూర్చుని, ఆ కుర్రాడి మీద విరుచుకుపడతాడు, నీవల్ల ఒక మనిషిని చంపాల్సొచ్చిందని. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఒక పేరా రాయి. అది నీ సమీక్షకు వెన్నెముక అవుతుంది.

కెమెరా గురించి "విజువల్స్ బాగున్నాయి" అని ఒక లైను పడేశావు, అదీ తియ్యి. బోనీ తల్లిని కలుసుకునే సీను నీకు వీలైతే చూపిస్తాను. మసక మసకగా, పాత ఫొటోలా ఉంటుంది, ఇసక మేట మీద పిల్లలు దొర్లుతుంటారు. తల్లిగా వేసినావిడ నటి కాదు, అక్కడి బడి పంతులమ్మ. మీ ఇంటికి మూడు మైళ్ల దూరంలో కాపురం పెడతామని కూతురి ప్రియుడు మురిపెంగా చెబుతుంటే, అంత దగ్గర్లో ఉంటే మీరు ఎక్కువ రోజులు బతకరమ్మా అంటుంది, కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా. అందం ఎందుకు మసకగా ఉందో ఆ మాటతో తెలుస్తుంది. నీ సినిమాలో గోదారి మీద పొద్దుపొడుపు అంత ఎర్రగా ఎందుకు తీశారో ఆలోచించావా? కారణం దొరికితే రాయి. దొరక్కపోతే, దొరకలేదనే రాయి. అదీ విమర్శే.

ఆ 1967లోనే మనకు కాస్త ఎగువన, పులిదిండిలో, బాపు గారు తన మొదటి సినిమా "సాక్షి" తీశారు. హత్యను కళ్లారా చూసిన అమాయకుడు కోర్టుకెళ్లి చూసింది చూసినట్టు చెబుతాడు, దాంతో ఊరంతా అతన్ని ఒంటరిని చేస్తుంది. నీ మొదటి సమీక్ష చదువుతుంటే నాకు అతనే గుర్తొచ్చాడు. నువ్వు బోను దాటి జడ్జీ కుర్చీలో కూర్చున్నావు. వచ్చి ఈ పక్కన నిలబడు. ఏం చూశావో ముందు అది చెప్పు.

శనివారం మళ్లీ వెళ్లు. ఆ సినిమా ఇంకా ఉంటుందని మీ ఊరి నుంచి వచ్చిన మా మేనల్లుడు చెప్పాడు. ఈసారి పుస్తకం, పెన్ను వద్దు. కుదిరితే అమ్మమ్మ గారిని కూడా తీసుకెళ్లు, నడవలేనంటే ఆటో మాట్లాడు, ఆ డబ్బులు నేనిస్తాను. తెరను సగం, ఆవిడను సగం చూడు. వచ్చిన రాత్రే రాసెయ్, చేత్తోనే రాయి, ఉత్తరం రాసినట్టు.

లాకుల సీనులో ఆవిడ నీ చెయ్యి ఎప్పుడు పట్టుకున్నారో రాశావు. ఎప్పుడు వదిలారో రాయలేదు. గుళ్లు తగిలినప్పుడా, ఆ పిల్ల నీళ్లలో పడ్డప్పుడా, హాల్లో లైట్లు వేశాకా? అది చూసి రాసి పంపు.

ఇట్లు,
మీ మాస్టారు